వేలాడే ఫిలోడెండ్రాన్ పైన బోడిగా, కింద ఒంటి తీగగా అయిపోతోంది, ఆకులు పసుపెక్కుతున్నాయి. ఏం చేయాలి?

తీగమల్లి (కూకట్‌పల్లి)

నమస్తే అండీ అందరికీ. మాది నాలుగో అంతస్తు ఫ్లాటు. పోయిన వానాకాలంలో రోడ్డు పక్క నర్సరీలో హృదయం ఆకారంలో ఆకులున్న తీగ మొక్క కొన్నాను, తెల్ల ప్లాస్టిక్ హ్యాంగింగ్ కుండీతో సహా. అమ్మినాయన "హార్ట్ మనీప్లాంట్ మేడం, దీనికి చావు లేదు" అన్నాడు. ఫోన్‌లో ఫొటో తీసి వెతికితే ఫిలోడెండ్రాన్ అని చూపిస్తోంది. ఫొటోలు కూడా పెట్టాను, ముందు అసలు ఇదేంటో ఎవరైనా తేల్చి చెప్పండి.

ఇక బాధ ఏంటంటే, మొదట్లో తూర్పు బాల్కనీలో ఉన్నన్నాళ్లూ గుబురుగా పెరిగింది. దీపావళి తర్వాత పావురాల గోల భరించలేక (చిగుర్లు పొడిచేస్తున్నాయి, కుండీలో గూడు కూడా మొదలెట్టాయి) హాల్లోకి తెచ్చి కిటికీ పక్కన సీలింగ్ కొక్కేనికి తగిలించాం. ఇప్పుడు తీగ బాగా కిందికి దిగింది గానీ కుండీ దగ్గర ఒట్టి కాడలే మిగిలాయి. కొత్తగా వచ్చే ఆకు పాత ఆకులో సగం కూడా లేదు, ఆకుకీ ఆకుకీ మధ్య జానెడు దూరం. పాత ఆకులేమో ఒక్కొక్కటిగా పసుపెక్కి రాలుతున్నాయి. నీళ్లు చాలట్లేదేమోనని ఈ ఎండాకాలం రోజూ పోస్తున్నా. మా అత్తగారు బియ్యం కడిగిన నీళ్లు బలమని అవి కూడా పోస్తారు. మట్టి పైన చూస్తే ఎండినట్టే ఉంటుంది, కానీ కుండీ కదిపితే సన్నటి నల్ల ఈగలు లేస్తాయి, అవి టీ కప్పులో కూడా పడుతున్నాయి. మా ఆయన పారెయ్యమంటున్నారు. నాకు మనసొప్పట్లేదు. నీళ్లు ఎన్ని రోజులకోసారి పోయాలి? ఎరువు వేయాలా? ఇప్పుడు మే నెల కదా, కుండీ మార్చొచ్చా?

కడియం కుర్రాడు

ఫొటోలు చూశానండీ. మనీప్లాంటు కాదు, ఫిలోడెండ్రానే. హెడెరేసియం అనే జాతి, హార్ట్‌లీఫ్ అంటారు. మీరే తేల్చుకోవచ్చు, చాలా తేలిక. కొత్త చిగురు వచ్చే చోట చూడండి. ఫిలోడెండ్రాన్‌లో చిగురాకు ఒక సన్నటి పొరలోంచి బయటికొస్తుంది, ఆకు విప్పుకున్నాక ఆ పొర ఎండి గోధుమరంగులో కణుపు దగ్గరే అంటుకుని ఉండి తర్వాత రాలిపోతుంది. మీ రెండో ఫొటోలో తీగ చివర ఆ ఎండు పొర కనిపిస్తోంది. మనీప్లాంటులో ఆ పొర ఉండదు, కొత్త ఆకు పాత ఆకు తొడిమలోంచే చుట్టుకుని వస్తుంది. ఇంకా మనీప్లాంటు తొడిమ మీద పైవైపు గాడి ఉంటుంది, ఆకు మందంగా, కాస్త వంకరగా ఉంటుంది. దీని ఆకు పల్చన, తొడిమ దగ్గర హృదయం నొక్కు బాగా లోతు. కణుపు దగ్గర ఊడలు చూసినా తెలిసిపోతుంది: మనీప్లాంటుకి కణుపుకొక మొద్దు ఊడ, దీనికి సన్నవి నాలుగైదు గుంపుగా. అమ్మినాయన్ని అనడానికేం లేదు, నర్సరీల్లో తీగ జాతి ఏదైనా మనీప్లాంటే.

పుట్టిల్లు మెక్సికో నుంచి బ్రెజిల్ దాకా ఉన్న అడవులు, కరీబియన్ దీవులు. అక్కడ చెట్ల మొదళ్లు పట్టుకుని పైకి పాకుతుంది. దాని వేళ్లు ఆకుచెత్తలో, బెరడు పగుళ్లలో గాలి తగులుతూ బతికే వేళ్లు. ఇది గుర్తుపెట్టుకుంటే మిగతాదంతా అర్థమవుతుంది.

నీళ్లు ఎన్ని రోజులకోసారి అని అడిగారు. దానికి నేను జవాబు చెప్పను, ఎవరు చెప్పినా నమ్మకండి. ముందు కుండీలో ఏముందో చూడాలి. మా ఊళ్లో మొక్కల పనే కాబట్టి చెప్తున్నా, గోదావరి ఒండ్రుమట్టిలో నల్ల కవర్లలో పెంచిన మొక్కని లారీలో దూరం పంపాలంటే వేళ్ల చుట్టూ మట్టి ముద్ద చెదరకూడదు, అందుకే బంకగా ఉన్న మట్టితో గట్టిగా అదిమి కడతారు. ప్రయాణానికి అది మంచిదే. హైదరాబాద్‌లో అమ్మేవాళ్లు ఆ ముద్దని అలాగే తీసుకెళ్లి అందమైన తెల్ల కుండీలో దించి చుట్టూ కోకోపీట్ (కొబ్బరి పీచు పొడి) నింపేస్తారు. పైన వేలు పెడితే కోకోపీట్ పొడిగా తగులుతుంది, మధ్యలో ముద్ద మాత్రం వారమైనా ఆరదు. కొన్నిసార్లు ఉల్టా, ముద్ద ఎండిపోయి రాయిలా బిగిసిపోయి మీరు పోసిన నీళ్లు పక్కనుంచి జారి కిందికి పోతాయి. రెండు రకాలుగానూ వేరుకి నరకమే. ఒక సన్నటి వెదురు పుల్ల (అగరొత్తి పుల్లయినా సరే) కుండీ మధ్యలో అడుగుదాకా గుచ్చి కాసేపుంచి తీయండి. దానికి తడి మట్టి అంటుకుని ఉంటే మీ మొక్క దాహంతో చావట్లేదు, మునిగి చస్తోంది. నల్ల ఈగలు కూడా అదే చెప్తున్నాయి, వాటి పిల్లలు తడి మట్టిలోనే బతుకుతాయి.

బియ్యం కడిగిన నీళ్లు మాత్రం ఇవాళే ఆపేయండి. నేల మీద పాదులకి పోస్తే చెల్లుతుంది, లోపల పెట్టిన చిన్న కుండీలో ఆ పిండి పులిసి ఈగలకే విందు. అత్తగారికి కరివేపాకు మొక్క చూపించండి.

తీగమల్లి

అమ్మో, పుల్ల గుచ్చానండీ. కింద సగం నల్లగా తడిసి వచ్చింది, కొద్దిగా మురుగు వాసన కూడా. నిన్న అసలు నీళ్లే పోయలేదు! అయితే ఇప్పుడే కుండీ మార్చేయమంటారా? బయట 42 డిగ్రీలుంది.

విశాఖ విశాలి

ఆగండాగండి. మే నెలలో, అదీ హైదరాబాద్ మేలో, వేళ్లు కదిలిస్తే మొక్క వాడిపోయి లేవదు. నేనైతే జూన్‌లో వానలు పడేదాకా ముట్టుకోను. నీళ్లు ఆపి, ఫ్యాన్ గాలి తగిలేలా పెట్టి, మట్టి ఆరనివ్వండి చాలు. ముందు జాగ్రత్తగా తీగ చివర్లు కోసి నీళ్లలో పెట్టుకోండి, మొక్క పోయినా జాతి పోదు.

ఇంకో విషయం, కుర్రాడు గారు వేళ్ల గొడవలో పడి అసలు ఫొటో చూడలేదు. మీ మొక్కకి రెండు జబ్బులున్నాయి, ఒకటి కాదు. పసుపు ఆకులు నీళ్ల వల్లే, ఒప్పుకుంటా. బోడితనం మాత్రం నీళ్ల వల్ల కాదు, ఆ కొక్కెం వల్ల. మొదటి ఫొటోలో చూడండి, కిటికీ పైఅంచు కంటే కుండీ ఇంకా ఎత్తులో ఉంది. వెలుతురంతా కింద వేలాడే తీగ చివరికి పడుతోంది, కుండీ నెత్తి మీద చీకటి. ఆ చీకట్లో ఉన్న కణుపులు చిగురు వేయవు, ఉన్న ఆకుల్ని కూడా మొక్క వదిలించుకుంటుంది. తీగ కూడా వెలుతురు కోసం వెతుక్కుంటూ సాగుతుంది, అందుకే ఆకుల మధ్య జానెడు దూరం, ఆకు చిన్నది. పత్రికల్లో సీలింగుకి తగిలించిన కుండీల ఫొటోలు బాగుంటాయి కానీ వాటిలో చాలావాటికి పైన అద్దాల కప్పో, ఎత్తు కిటికీయో ఉంటుంది. మన ఫ్లాట్లలో కిటికీ మీద అడుగున్నర గోడ, దాని మీద సన్‌షేడ్.

గొలుసు కట్టి కిందికి దించండి. కుండీ అంచు కిటికీ సగానికి రావాలి. తూర్పు కిటికీ అయితే పొద్దున్నే పడే నీరెండ దీనికి అమృతం. పడమటి ఎండ మాత్రం ఒద్దు, ఒక్క మధ్యాహ్నంలో ఆకు మధ్యలో కాలినట్టు తెల్లటి మచ్చలు పడతాయి, అవి మళ్లీ పచ్చబడవు.

కడియం కుర్రాడు

విశాలి గారూ, కొక్కెం సంగతి నేను నిజంగా గమనించలేదు, మంచి మాట. కానీ వానలదాకా ఆగమనడం ఒప్పుకోను. మొక్క ఆరోగ్యంగా ఉండి ఊరికే కుండీ మార్చాలంటే మీరన్నట్టే జూన్, జూలై. ఇక్కడ మురుగు వాసన వస్తోంది. వేరుకుళ్లు క్యాలెండర్ చూసి ఆగదు. పైగా మొక్క ఉన్నది ఇంట్లో, బయట 42 అయినా హాల్లో నీడే.

మల్లి గారూ, సాయంత్రం పూట చేయండి. కుండీలోంచి ముద్దని తీసి బకెట్ నీళ్లలో నానబెట్టి మెల్లగా ఊపుతూ బంకమట్టి జారిపోనివ్వండి, చేత్తో పీకొద్దు. గట్టిగా, తెల్లగా లేదా లేత గోధుమ రంగులో ఉన్న వేళ్లు మంచివి. నల్లబడి మెత్తబడినవి కత్తెరతో కోసేయండి, కత్తెర ముందు స్పిరిట్‌తో తుడవండి. పెద్ద కుండీ కొనకండి. వేళ్లు తగ్గాయి కాబట్టి కుండీ కూడా తగ్గాలి, 6 అంగుళాలది సరిపోతుంది. అడుగున రంధ్రాలు తప్పనిసరి. హ్యాంగింగ్ కుండీల కింద అంటించి ఉండే ప్లేటు ఊడదీయండి, నీళ్లు అక్కడే నిలుస్తాయి.

మిశ్రమం: కడిగిన కోకోపీట్ రెండు వంతులు, వర్మీకంపోస్ట్ ఒక వంతు, పెర్లైట్ (తెల్లగా, తేలిగ్గా ఉండే గుల్ల రాయి పలుకులు) ఒక వంతు. పెర్లైట్ ఖరీదనిపిస్తే మిల్లు దగ్గర దొరికే వరి ఊక వాడండి, కాస్త పాతదైతే ఇంకా మంచిది. గుప్పెడు వేపపిండి, చితక్కొట్టిన బొగ్గు ముక్కలు. ఎర్రమట్టి అసలు అక్కర్లేదు. కోకోపీట్ ఇటుకని నానబెట్టాక రెండు మూడుసార్లు నీళ్లు మార్చి పిండండి, కొబ్బరి పీచులో ఉప్పు ఉంటుంది. అడుగున గులకరాళ్లు వేసే అలవాటు ఉంటే మానేయండి. రాళ్ల పొర వల్ల నీళ్లు త్వరగా దిగవు, పైగా తడి నిలిచే భాగం రాళ్ల మీదికి, అంటే వేళ్ల దగ్గరికి జరుగుతుంది.

డాలస్ బావ

మా ఇంట్లో మూడు రకాలున్నాయి, ఆకుపచ్చది, నిమ్మపండు రంగుది, ఆకు మధ్యలో పసుపు చార ఉండే బ్రాసిల్. నేనైతే రెండు వారాలకోసారి నీళ్లు పోస్తా, పక్కన హ్యూమిడిఫయర్ పెట్టా, మాస్ పోల్ (తీగ పాకడానికి నాచు చుట్టిన కర్ర) కట్టా. ఆకులు అరచేతి కంటే పెద్దవొస్తున్నాయి. ఏ సమస్యా లేదు. మీరు కూడా వేలాడదీయడం మాని పోల్ ఎక్కించండి సిస్టర్.

విశాఖ విశాలి

బావగారూ, పోల్ ఎక్కిస్తే ఆకు పెద్దదవుతుందనేది నిజం. పైకి పాకే తీగ ఊడలతో పట్టు దొరికాక పెద్ద ఆకులు వేస్తుంది, వేలాడేది ఎప్పుడూ పిల్ల ఆకులతోనే ఉండిపోతుంది. కానీ మల్లి గారికి వేలాడే మొక్క కావాలి కదా. అందులో తప్పేం లేదు, ఆకు చిన్నదైనా గుబురుగా ఉంటే చాలు.

రెండు వారాల లెక్క మాత్రం ఇక్కడ చెప్పకండి దయచేసి. మీ ఇంటి లోపల ఉష్ణోగ్రత ఏడాదంతా ఇంచుమించు ఒకటే. హైదరాబాద్‌లో ఒకే కుండీ ఏప్రిల్‌లో మూడు రోజులకే ఆరుతుంది, ఆగస్టులో పది రోజులైనా ఆరదు. మా విశాఖలో గాలిలోనే తేమ, ఇంకా ఆలస్యం. పైన ఒకటి రెండు అంగుళాలు పొడిబారాయా లేదా, కుండీ ఎత్తి చూస్తే తేలికైందా లేదా, అంతే లెక్క. వేలాడే కుండీకి ఒక సుఖం ఉంది, కింద అరచెయ్యి పెట్టి కొద్దిగా లేపితే చాలు, బరువు తెలిసిపోతుంది. పోసినప్పుడు మాత్రం చెంచాలతో కాదు, సింక్‌లో పెట్టి అడుగు రంధ్రాల్లోంచి ధారగా కారేదాకా పోసి, కారడం ఆగాక తగిలించండి.

ఒకవేళ కోకోపీట్ పూర్తిగా ఎండిపోతే నీళ్లు పీల్చదు, పైనుంచి పోసింది పోసినట్టు కారిపోతుంది. అప్పుడు బకెట్‌లో అరగంట కూర్చోబెట్టాలి.

రాయదుర్గం రాము

నాదో చిన్న డౌట్. మా ఆర్వో ఫిల్టర్ నుంచి పక్కకి వదిలేసే నీళ్లు రోజూ బకెట్ నిండుతున్నాయి, వృథా చేయకుండా మొక్కలకే పోస్తున్నా. ఇదే మొక్క నా దగ్గరా ఉంది, ఆకుల కొసలు గోధుమరంగులోకి ఎండిపోతున్నాయి. సంబంధం ఉందా?

కడియం కుర్రాడు

ఉంది రాము గారూ. ఆర్వో చేసే పనే నీళ్లలోని ఉప్పుని ఒక పక్కకి నెట్టడం. మీరు పట్టేది ఆ పక్కది. మీది బోరు నీళ్లయితే మరీ ఘోరం. కుండీ అంచున, మట్టి మీద తెల్లగా పొక్కులా కడుతోందా చూడండి. ఆ నీళ్లు ఇల్లు తుడవడానికి, బాత్రూమ్ కడగడానికి వాడండి. మొక్కకి మున్సిపల్ నీళ్లో, వాన నీళ్లో. నెలకోసారి మంచి నీళ్లు ధారాళంగా పోసి ఉప్పు కడిగేస్తే కొత్త ఆకుల కొసలు బాగుంటాయి. పాత కొసలు కత్తిరించుకోవడమే.

ఆక్సిజన్ ఆనందం

ఎవరూ చెప్పట్లేదు గానీ ఈ మొక్క గాలిలో విషాలు పీల్చేస్తుందని నాసా వాళ్లే చెప్పారు. బెడ్రూంలో ఒకటి పెట్టుకుంటే ఎయిర్ ప్యూరిఫయర్ అక్కర్లేదు. పారెయ్యొద్దు మేడం.

విశాఖ విశాలి

1989లో నాసా నివేదిక వచ్చిన మాట నిజమే, అందులో ఈ హార్ట్‌లీఫ్ ఫిలోడెండ్రాన్ పేరు ఉన్న మాటా నిజమే. కానీ ఆ ప్రయోగాలు గాలి చొరబడని చిన్న పెట్టెల్లో చేసినవి. 2019లో అమెరికా పరిశోధకులు ఇలాంటి పాత ప్రయోగాలన్నీ తీసి లెక్కేశారు. మామూలు భవనంలో దానంతట అదే వచ్చిపోయే గాలి చేసేంత పని మొక్కలు చేయాలంటే చదరపు మీటరుకి 10 నుంచి 1000 మొక్కలు కావాలని తేల్చారు. పది అనుకున్నా మీ బెడ్రూంలో మంచం పట్టదు. ప్యూరిఫయర్ అమ్మెయ్యకండి. మొక్క అందానికే, అది చాలదా?

తీగమల్లి

నిన్న సాయంత్రం ధైర్యం చేసి కుండీ తిరగేశా. కుర్రాడు గారు చెప్పింది అక్షరాలా నిజం. బయట రెండు వేళ్ల మందం కోకోపీట్, దాని లోపల పిడికిలి కంటే పెద్ద నల్లటి ముద్ద, దాని చుట్టూ నర్సరీ కవరు ముక్క కూడా అలాగే ఉంది, చింపకుండానే పాతేశారు! కోకోపీట్‌లోకి వచ్చిన వేళ్లు తెల్లగా చక్కగా ఉన్నాయి. ముద్దలోపలివి మాత్రం గోధుమరంగు, ఒకదాన్ని రెండు వేళ్లతో పట్టి లాగితే పైతోలు జారి చేతికొచ్చేసింది, లోపల సన్నటి దారం మిగిలింది. వాసన గురించి చెప్పను.

కుళ్లినవన్నీ కోసేశా. మిగిలిన వేళ్లు గుప్పెడు కూడా లేవు. చిన్న కుండీలో వేసి కొత్త మిశ్రమం నింపా (ఊకే దొరికింది). పొడుగు తీగలు ఏం చేయాలి? ఇంత తక్కువ వేళ్లతో అంత తీగని మోయగలదా?

విశాఖ విశాలి

మోయలేదు. అయినా వేళ్లు బాగా పోయాయి కాబట్టి ఇప్పుడు తీసింది మంచిదేనేమో, కుర్రాడు గారి మాటే నెగ్గిందనుకోండి. తీగల్ని జానెడు వదిలి కోసేయండి. కళ్లు మూసుకునైనా సరే కోయండి, చాలామందికి ఇక్కడే చెయ్యి రాదు. కోసిన చోటికి దగ్గర్లో ఉన్న కణుపు నుంచే కొత్త చిగుర్లు వస్తాయి.

కోసిన తీగని ముక్కలు చేయండి. ప్రతి ముక్కకీ కనీసం ఒక కణుపు, ఒక ఆకు. కణుపు అంటే ఆకు తొడిమ తీగకి అతుక్కునే ఉబ్బు, అక్కడే ఊడల మొటిమలు కనిపిస్తాయి. కణుపుకి పావు అంగుళం కింద కోయాలి. కణుపు లేని ఉత్త ఆకు నీళ్లలో పెడితే నెలల తరబడి పచ్చగా ఉంటుంది, ఒక్కోసారి వేరు కూడా వేస్తుంది, కానీ జన్మలో తీగ రాదు. గాజు సీసాలో కణుపు మునిగేలా, ఆకు మునగకుండా పెట్టి మూడు నాలుగు రోజులకోసారి నీళ్లు మార్చండి. ఈ వేడికి రెండు మూడు వారాల్లో వేళ్లొస్తాయి. రెండు అంగుళాలు కాగానే పాతెయ్యండి, నీళ్లలోనే ఎక్కువ కాలం ఉంచితే ఆ వేళ్లకి మట్టి అలవాటు కావడం కష్టం.

పాతేది ఎక్కడో కాదు, అదే తల్లి కుండీ నెత్తి మీద, ఖాళీగా ఉన్న చోట. గుబురు వచ్చేది అలాగే. కుండీలో కనిపించే గుబురు ఎప్పుడూ ఒక మొక్కది కాదు, ఏడెనిమిది ముక్కలు కలిపి గుచ్చుతారు. ఒకటి రెండు తీగల్ని కోయకుండా చుట్టచుట్టి మట్టి మీద పరిచి, కణుపుల దగ్గర హెయిర్ పిన్ వంచి గుచ్చినా అక్కడికక్కడే వేరు పట్టేస్తాయి.

కడియం కుర్రాడు

నెల దాకా ఎరువు ఏదీ వేయొద్దు. కొత్త ఆకు విప్పుకున్నాక 19:19:19 (నత్రజని, భాస్వరం, పొటాష్ సమానంగా ఉండే, నీళ్లలో కరిగే ఎరువు) లీటరుకి ఒక గ్రాము కలిపి, నెలకోసారి, తడి మట్టి మీద మాత్రమే. చలికాలంలో మానేయండి. టీ పొడి, గుడ్డు పెంకు, పాలు, అరటి తొక్క నీళ్లు, యూట్యూబ్‌లో చూసినవన్నీ పక్కన పెట్టండి.

ఈగలకి పసుపు రంగు జిగురు అట్ట చిన్న ముక్క కుండీలో గుచ్చండి, రైతులు మిర్చి తోటల్లో పెట్టేదే. మట్టి పైపొర ఆరుతూ ఉంటే వాటంతటవే తగ్గుతాయి. కణుపుల సందుల్లో తెల్లగా దూదిలా కనిపిస్తే అది పిండినల్లి, ఇయర్ బడ్‌ని స్పిరిట్‌లో ముంచి ఒక్కోదాన్నీ తుడిచెయ్యాలి, తర్వాత లీటరు నీళ్లకి 5 మి.లీ. వేపనూనె, నాలుగు చుక్కల గిన్నెలు తోమే లిక్విడ్ కలిపి సాయంత్రం ఆకు అడుగున తగిలేలా పిచికారీ. వారానికోసారి, పూర్తిగా పోయేదాకా. ఒకసారి కొట్టి ఊరుకుంటే గుడ్లలోంచి మళ్లీ లేస్తాయి.

పిల్లి పిన్ని

ఇంత చర్చలో ఒక్కరూ చెప్పలేదేంటి? ఇంట్లో పిల్లి, కుక్క, పాకే పసిపిల్లలు ఉంటే ఈ తీగ అందేలా పెట్టకూడదు. ఆకులో సూదుల్లాంటి కాల్షియం ఆక్సలేట్ స్ఫటికాలుంటాయి. కొరికితే నోరు మండి, నాలుక వాచి, చొంగ కారుతుంది. మా పిల్లి ఒకసారి ఆకు నమిలి సాయంత్రం దాకా అన్నం ముట్టలేదు. కుర్రాడు గారు చేమ కుటుంబం గురించి చెప్పలేదు గానీ కంద, చేమ, ఇది, మనీప్లాంటు అన్నీ ఒకే కుటుంబం, ఆ దురద కూడా అదే. కందనైతే చింతపండు వేసి ఉడికించి తింటాం, దీన్ని వండుకుని తినలేం కదా. కోసేటప్పుడు కారే రసం కూడా కొందరి చేతులకి దురద పెడుతుంది, గ్లవ్స్ వేసుకోండి.

రాయదుర్గం రాము

కందకు లేని దురద కత్తిపీటకెందుకు పిన్నిగారూ 😄

పిల్లి పిన్ని

నవ్వండి నవ్వండి. పిల్లలు కొరికితే నోరు కడిగించి చల్లటివి తాగించి, వాపు గానీ ఊపిరి ఇబ్బంది గానీ ఉంటే వెంటనే డాక్టర్ దగ్గరికి. ఎక్కువసార్లు అంత దూరం పోదు, నోరు మండగానే వాళ్లే ఉమ్మేస్తారు. అయినా తీగ నేలదాకా వదలొద్దు.

తీగమల్లి

జూలైలో మళ్లీ వచ్చా. కుండీ గొలుసుతో కిటికీ మధ్యకి దించాం, నడిచేటప్పుడు మా ఆయన నెత్తికి తగులుతోంది, ఆయన గొణుక్కుంటున్నారు, అది వేరే సంగతి. సీసాలో పెట్టిన ముక్కలన్నీ వేళ్లేశాయి, ఒకటి మాత్రం కుళ్లింది. తల్లి కుండీలోనే చుట్టూ గుచ్చేశా. కోసిన మొదళ్ల నుంచి కూడా చిగుర్లొచ్చాయి, కొత్త ఆకు రాగిరంగులో మెరుస్తూ వచ్చి రెండు రోజులకి పచ్చబడుతోంది. ఈగలు ఒకటో రెండో. బియ్యం నీళ్లు కరివేపాకుకే.

ఒక అనుమానం. పొద్దున్నే ఆకుల కొసల్లో నీటి బొట్లు ఉంటున్నాయి, కింద సోఫా మీద పడుతున్నాయి. రోగమా?

కడియం కుర్రాడు

రోగం కాదండీ. రాత్రి గాలిలో తేమ ఎక్కువై ఆకు నీటిని ఆవిరి చేయలేనప్పుడు వేళ్లు తోడిన నీరు ఇలా కొసల్లోంచి బయటికొస్తుంది. వానాకాలంలో మామూలే. రోజూ బాగా కారుతుంటే నీళ్లు పోసే వేళ సాయంత్రం నుంచి పొద్దుటికి మార్చండి, ఒకట్రెండు రోజులు ఆలస్యంగా పోయండి. లేదా సోఫా జరపండి.

రాయదుర్గం రాము

మల్లి గారూ, మీ దగ్గర ముక్కలు మిగిలితే నా బ్రాసిల్ ముక్కతో మార్చుకుందామా? నాకు ఉత్త ఆకుపచ్చది లేదు. కణుపు దగ్గర తడి న్యూస్‌పేపర్ చుట్టి, దాని మీద ప్లాస్టిక్ కవరు రబ్బరు బ్యాండుతో కట్టి తెస్తా, రెండు రోజులైనా ఆగుతుంది.

తీగమల్లి

తప్పకుండా. ఆ పసుపు చార నా కిటికీలో నిలుస్తుందా మరి?

విశాఖ విశాలి

తూర్పు కిటికీ మధ్యలో కుండీ ఉన్నంతకాలం నిలుస్తుంది. వెలుతురు తక్కువైతే కొత్త ఆకులు మొత్తం పచ్చగా రావడం మొదలవుతుంది. అలాంటి రెమ్మ కనిపించగానే చార బాగా ఉన్న ఆకుదాకా వెనక్కి కోసేయండి, లేకపోతే పచ్చదే బలంగా పెరిగి మిగతాదాన్ని తొక్కేస్తుంది. కోసిన ఆ పచ్చ ముక్క రాము గారికివ్వండి, ఆయన అడిగింది అదే కదా.